కదిరి అని రాయడానికి

పాత కంప్యూటర్ను చౌడప్ప తోపుడు బండి మీద తీస్కపోయినాడు.
దాంతోపాటే కుడిపక్క అంకెల దిమ్మె పోయింది.
ఎనిమిది నొక్కితే ఉన్న వరస,
ఏడు నొక్కితే పైది, తొమ్మిదికి కిందిది,
అయిదులో మాట, రెండులో అక్షరం.
ఇంట్లో ఉప్పుడబ్బా యాడుంటాదో
చెయ్యికి తెలిసినట్టు తెలుసు నాకు.

కొత్త ల్యాప్‌టాప్ పల్చన, చల్లన.
అనంతపురంలో మే నెలలో
చల్లగా ఉన్న వస్తువు అదొక్కటే.
కుడిపక్కకు చెయ్యి జరిపితే బల్ల,
ఇంకా జరిపితే ఎవరో రైతు మోచెయ్యి.
ఇన్సర్ట్ యాడుంది?
పైవరసలో, డిలీట్ ఇంట్లో సగం బాడుగకు.

"బాగుంది కదమ్మా కొత్తది" అన్నాడు సారు.
"బాగుంది సార్" అన్నా.
రాత్రికి రాత్రి వాకిలి పెరటివైపుకు పోయిందని
ఆయనకు ఎట్ల చెప్పాల?

విత్తనం బుడ్డలకు వరస
కిటికీ దాటి రోడ్డెక్కింది.
ముందరున్నాయనది బీడీ గొంతు.
"పేరు?"
"వన్నూరప్ప."
శీర్షికకు పోదామని హెచ్ నొక్కినా.
ఉలకదు.
లింకుకు కె, బటనుకు బి, పట్టికకు టి,
దేనికీ పలకదు.

పొద్దున ఎవరో తెలుగు పెట్టి
మార్చకుండానే టీకి పోయినారు.
అదే మీట, అదే గుంత,
హెచ్ ఇప్పుడు ప. కె ఇప్పుడు క. బి ఇప్పుడు వ.
డి అయితే మరీ అన్యాయం, పొల్లు.
దూకుదామని కాలెత్తితే
ఏ హల్లుకూ అతకని ఒట్టి పొల్లు.

"ఏమ్మా, మిషను పనిచెయ్యదా?"
"చేస్తాదప్పా. నేను యాడున్నానో
దానికి తెల్లేదు, అంతే."

కదిరిలో మాబున్ని మేడమ్ మొదటిరోజు
ఇన్సర్ట్ పట్టుకోని ఒకటి నొక్కమనింది.
"ఇప్పుడు ఏది నొక్కినా తన పేరు చెప్తాది,
పని మాత్రం చెయ్యదు. ఏదీ చెడదు.
నొక్కు పాపా, కడుపునిండా నొక్కు."
అప్పటికి నాకు పద్నాలుగేండ్లు.
ముట్టుకోవద్దు, పగులుతాది, పడతావు, పక్కకు జరుగు,
ఇవే విన్న చేతులు.
ఆ సాయంత్రం వాటిని ఇంటికి తీసుకుపోవడం
మా అమ్మ వల్ల కాలేదు.

ఇక్కడ ఇన్సర్ట్ అందదు. క్యాప్స్‌లాక్ పట్టుకున్నా
(ఆత్రపడి రెండుసార్లు నొక్కితే
పెద్దక్షరాలై అరుస్తాది), ఒకటి నొక్కినా.
అంతమంది రైతుల ముందర
ఒక్కొక్క మీటనూ పేరడిగినా,
పొద్దుటి నుంచీ వాళ్లను అడిగినట్టే.
నీ పేరేమి? నీదేవూరు?
ఎడమచెవిలో ఇయర్‌ఫోను జవాబు చెప్తాంది,
కుడిచెవిలో వరస గొణుగుతాంది.
తాళం తీసేదానికి చెవి అని పేరుపెట్టిన ముసలోడు
నా మాదిరోడే అయ్యుంటాడు.

చివరికి వేళ్లకు తగిలినాయి,
ఎఫ్ మీదొకటి, జె మీదొకటి,
బుడ్డ గింజ మొనంత బొడిపెలు.
ఎన్ని మార్చినా ఈ రెంటినీ ఎవరూ తియ్యలేదు.
తెలుగులో ఎఫ్ గుడి, జె ర.
ఏ కొత్త కీబోర్డొచ్చినా మొదట నేను రాసే మాట
కదిరి.
అయిదు మీటలు, మూడుసార్లు బొడిపె.
క, ద, గుడి, ర, గుడి.
వేలు ఇల్లు చేరతాది.

"మాది కదిరి కాదమ్మా," కిటికీలోంచి
తొంగి చూసినాడేమో వన్నూరప్ప,
"బుక్కరాయసముద్రం!"

"తెలుసులేప్పా" అన్నా, చెరిపేసినా.
బ. కొమ్ము. క.
డి నొక్కినా.
మళ్లీ క.
ఈసారి పొల్లు ఒంటరిగా మిగల్లేదు,
క కింద క ఒత్తై కూర్చుంది.
"ఇంకా చానా పెద్దది మా ఊరి పేరు" అన్నాడు వన్నూరప్ప.
రానీ.